తిరిగొచ్చిన గాయనికి ఏ పాట ఇవ్వాలి?

పేరున్న గాయని చాలా ఏళ్ళ విరామం తర్వాత ఒక డాన్స్ సింగిల్‌తో మళ్ళీ శ్రోతల ముందుకు వచ్చినప్పుడల్లా మనవాళ్ళ మాటల్లో రెండే ధోరణులు వినిపిస్తాయి. ఈ వయసులో ఆమెకు ఈ గంతులు అవసరమా అని పెదవి విరిచేవారు కొందరు, ఈ వయసులోనూ ఎంత హుషారుగా ఉన్నారో చూడండి అని మురిసిపోయేవారు కొందరు. రెండో వర్గం మర్యాదగా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇద్దరూ మాట్లాడుతున్నది ఆమె వయసు గురించే. పాట ఎలా కట్టారు, ఆ గొంతుకు అది నప్పిందా లేదా అన్న మాట ఎవరి నోటా రాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వయసు మీదపడిన గొంతుకు, మనమందరం గౌరవప్రదమని భావించే పాత మెలోడీ కంటే, కొత్తగా కట్టిన డాన్స్ పాటే ఎక్కువ అనువైనది. అమెరికాలోని మన తెలుగు సంఘాలు తమ వేదికల మీద ఏళ్ళ తరబడి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తున్నాయి.

ఇలాంటి పునరాగమనాల ప్రస్తావన వస్తే ముందుగా చెప్పుకోవలసిన పాట అమెరికన్ గాయని షేర్ 1998 అక్టోబరులో విడుదల చేసిన 'బిలీవ్'. అప్పటికి ఆమె వయసు 52. 1965లో సోనీ బోనోతో కలిసి పాడిన పాటతో తొలిసారి అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిన ఆమె, ఒంటరిగా పాడిన పాటతో చివరిసారి ఆ స్థానంలో నిలిచింది 1974లో. ఆ తర్వాత సినిమాల్లోకి వెళ్ళి 'మూన్‌స్ట్రక్' చిత్రానికి ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. 80ల చివర రాక్ పాటలతో మళ్ళీ ఒక వెలుగు వెలిగారు. 90ల తొలినాళ్ళలో అనారోగ్యం పాలై, టీవీలో జుట్టుకు పూసుకునే సామగ్రి అమ్మే సుదీర్ఘ ప్రకటనల్లో కనిపించి నవ్వులపాలు కూడా అయ్యారు. డాన్స్ ఆల్బమ్ చేయాలన్న ఆలోచన ఆమెది కాదు. వార్నర్ సంస్థ బ్రిటన్ శాఖకు అప్పట్లో అధిపతిగా ఉన్న రాబ్ డికిన్స్ ప్రతిపాదిస్తే, ఆ రకం సంగీతంలో అసలైన పాటలు ఎక్కడున్నాయని ఆమె మొదట వెనకాడారు. లండన్ నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయాన్ రాలింగ్ చేతికి వచ్చేసరికి ఆ పాట, పల్లవి బాగుంది గానీ తక్కినది బాగాలేదన్న పేరు మోస్తూ ఏళ్ళుగా చేతులు మారుతోంది. తిరగరాసి, మళ్ళీ తిరగరాసి, చివరికి ఆరుగురు రచయితల పేర్లతో అది పూర్తయింది.

ఫలితం అందరికీ తెలిసిందే. బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచి, ఆ ఏడాది అక్కడ అత్యధికంగా అమ్ముడైన సింగిల్ అయింది. 1999 మార్చిలో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు ఉంది. 1974 నాటి పాటకూ దీనికీ మధ్య పాతికేళ్ళ ఎడం. 2000లో ఉత్తమ డాన్స్ రికార్డింగ్‌గా గ్రామీ సంగీత బహుమతి కూడా వచ్చింది. తర్వాత ఆమె 2002లో వీడ్కోలు యాత్ర అని ప్రకటించి 2005 దాకా ఊరూరా తిరిగారు, ఆ వీడ్కోలు అయ్యాక కూడా పాడుతూనే ఉన్నారు. 2023లో, 77వ ఏట, క్రిస్మస్ కోసం మరో డాన్స్ పాట విడుదల చేశారు. ఈ లెక్కన మన ఘంటసాల ఆరాధనోత్సవాల్లో అరవై దాటిన వారిని 'నాటి మేటి గాయని' అని పరిచయం చేసే వ్యాఖ్యాతలు ఆ 'నాటి' అన్న విశేషణం గురించి కొంచెం ఆలోచించుకోవాలి.

'బిలీవ్'లో అప్పటి శ్రోతలను ఉలిక్కిపడేలా చేసింది చరణాల్లో గొంతు వినిపించే తీరు. ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. భూగర్భంలో చమురు జాడ తీయడానికి ధ్వని తరంగాలను విశ్లేషించే రంగంలో ఏళ్ళు పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ దానిని తయారు చేశారు. శ్రుతి తప్పిన స్వరాన్ని వినేవారికి తెలియకుండా సరిదిద్దడం దాని అసలు పని. ఆ సరిదిద్దే వేగాన్ని నెమ్మదిగా ఉంచితే సవరణ చాటుగా జరిగిపోతుంది. వేగాన్ని చివరిదాకా పెంచితే మనిషి గొంతులో సహజంగా ఉండే జారు, కంపనం మాయమై స్వరాలు ఒకదాని నుంచి ఒకటి తెగిపోయి వినిపిస్తాయి. మన సంగీతం గమకమని దేన్ని ప్రాణంగా చూసుకుంటుందో దాన్నే ఆ యంత్రం తీసేస్తుందన్నమాట. టేలర్ ఆ వేగాన్ని కావాలనే చివరిదాకా పెంచి, కిటుకు బయటికి పొక్కకుండా ఉండేందుకు 1999లో ఒక రికార్డింగ్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో వేరే పరికరం పేరు చెప్పారు. ఆ ప్రభావాన్ని తీసేయమని డికిన్స్ కోరితే, నా ప్రాణం పోయినా ఒప్పుకోనని షేర్ పట్టుబట్టారని ఆ తర్వాత అందరూ చెప్పుకున్న కథ.

ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. గొంతు పోయింది కాబట్టి యంత్రం అడ్డం పెట్టుకున్నారని అనుకుంటారు. ఆ పాట మళ్ళీ ఒకసారి శ్రద్ధగా వినండి. చరణాల్లో యంత్రం చేసిన అలంకారం ముగియగానే పల్లవిలో ఆమె గొంతు నిండుగా, సూటిగా, గుండె నుంచి వస్తుంది. ఆమెది పుట్టుకతోనే మంద్రస్థాయి వైపు మొగ్గే బరువైన గొంతు. పాటలో పాదాలు పొట్టివి, ఊపిరి అయిపోకముందే పాదం అయిపోతుంది. పల్లవి పదేపదే తిరిగి వస్తుంది, ఆ తిరిగి రావడంలోనే దాని బలం ఉంది. పాటను ముందుకు తోసే శక్తి అంతా తాళానిది, ఎలక్ట్రానిక్ వాద్యాలది. గాయని మీద పడే భారం, ఆ తాళం పైన తన వ్యక్తిత్వాన్ని నిలబెట్టడం వరకే. పాతికేళ్ళ గొంతు చేయగలిగినదాన్ని యాభై రెండేళ్ళ గొంతు నుంచి ఆ పాట ఒక్కచోట కూడా అడగలేదు. యాభై రెండేళ్ళ గొంతులో మాత్రమే ఉండే గరుకుదనాన్ని, దెబ్బతిని లేచిన మనిషి నిబ్బరాన్ని అడిగింది.

దీనికి పక్కన మన పాత సినిమా మెలోడీని పెట్టి చూడండి. 60ల్లో, 70ల్లో ఆడగొంతుకు కట్టిన తెలుగు పాటలు చాలావరకు తారస్థాయిలో నడుస్తాయి. నాయిక పదహారేళ్ళ పిల్ల, ఆ గొంతూ అలాగే వినిపించాలన్నది అప్పటి పద్ధతి. పాదం చివర స్వరాన్ని పట్టి నిలపాలి, ఆలాపనలో ఊపిరి తెగకుండా సంగతులు పలకాలి. వయసుతో స్వరతంతువుల సాగే గుణం తగ్గుతుంది, ఊపిరితిత్తుల పట్టు తగ్గుతుంది, ముట్లుడిగాక ఆడవారి గొంతు సహజంగానే కొంత కిందికి దిగుతుంది. ఇవన్నీ రోగాలు కావు, శరీర ధర్మాలు. డెబ్బయ్యేళ్ళ గాయనిని పిలిచి, శాలువా కప్పి, ఆమె ముప్పయ్యేళ్ళ వయసులో పాడిన పాటను అప్పటి శ్రుతిలోనే కరవోకే ట్రాక్ మీద పాడమనడం సన్మానం పేరుతో పెట్టే పరీక్ష. ఆమె తడబడితే సభలో ముందు వరసలోని వారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పాపం, పెద్దవారైపోయారు అంటారు. ఆ జాలిని సభకు పంచిపెట్టింది కార్యక్రమం రూపొందించిన మనమే.

ఈ సంగతి నాకు బాగా అర్థమయ్యేలా చెప్పినవారు అనంతపురం పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకు పాడే ఒక గాయని. యాభై దాటిన మనిషి. మా జిల్లా ఆర్కెస్ట్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. బళ్ళారి ఒకవైపు, బెంగళూరు ఒకవైపు దగ్గర కావడం వల్ల ఒకే రాత్రి తెలుగు, కన్నడ, హిందీ పాటలు మూడూ పాడాలి, హిందూపురం వైపు వెళితే కన్నడ పాట లేకుండా పెళ్ళి సాగదు. డీజేలు వచ్చాక వీరికి ప్రోగ్రాములు బాగా తగ్గాయి, మిగిలినవాటిలో కూడా కీబోర్డు, ప్యాడ్, ఇద్దరు గాయకులు, ఒక ల్యాప్‌టాప్‌తో సరిపెట్టుకుంటున్నారు. మా బంధువుల ఇంటి పెళ్ళిలో భోజనాల తర్వాత ఆమెను పలకరించి, మీకు మెలోడీలే సుఖం కదమ్మా, ఈ మాస్ పాటలు గొంతుకు శ్రమ కదా అన్నాను. ఆమె నవ్వి, "మెలోడీ అడిగితేనే భయం సార్. ఆ స్కేలు నాకు ఇరవయ్యేండ్లప్పటిది. ఇప్పుడు రెండు మెట్లు దించల్ల. ట్రాక్ దించితే వాయిద్యాలన్నీ బొంగురు పోతాయి. మాస్ పాటైతే కీబోర్డాయన నా శ్రుతికే పెట్టేస్తాడు, తెల్లార్లూ పాడతా" అన్నారు. సంగీతం మీద నేను చదివిన వ్యాసాలు ఏవీ ఇంత తక్కువ మాటల్లో ఇంత విషయం చెప్పలేదు.

ఇక డాన్స్ పాట పడుచువారి సొత్తు అన్న భావన మన రాయలసీమ వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. మా పల్లెల్లో చెక్కభజనను నేర్పేదీ నడిపించేదీ తల నెరిసిన గురువే. ఆయన పాదం అందిస్తే చుట్టూ తిరిగే కుర్రవాళ్ళు దాన్ని అందుకుని చెక్కలు మోగిస్తూ అడుగు వేస్తారు, అడుగు తప్పినవాడిని ఆయన కళ్ళతోనే దారిలో పెడతాడు. గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగనాడు గుండం చుట్టూ అడుగులు వేసేవారిలో తాతలూ మనుమలూ కలిసే ఉంటారు. ఉరుము వాయించే కళాకారులలో వయసు పెరిగే కొద్దీ గౌరవం పెరుగుతుందే గానీ, ఇక నువ్వు గంతులు మాని కూర్చో అని ఎవరూ అనరు. కర్నూలు వైపు గొరవయ్యలు డమరుకం మోగిస్తూ ఆడే ఆటలోనూ అంతే. పాటకూ అడుగుకూ మధ్య వయసు గోడ కట్టింది సినిమా, ఆ తర్వాత టీవీ. వేల మైళ్ళ దూరం వచ్చిన మనం, మా సంస్కృతి అంటూ ఆ గోడనే వెంట తెచ్చుకున్నాం.

గోడ కట్టే పని పాశ్చాత్యులూ చేశారు, దాన్ని దాటిన తీరే తమాషాగా ఉంటుంది. మన లక్నోలో పుట్టి బ్రిటన్‌లో పేరు తెచ్చుకున్న క్లిఫ్ రిచర్డ్, తన పాటలను రేడియోలు వయసు చూసి పక్కన పెడుతున్నాయని విసిగి, 1998లో ఒక డాన్స్ రీమిక్స్‌ను 'బ్లాక్‌నైట్' అన్న మారుపేరుతో పంపించారు. పాట ఎవరిదో తెలియక కొన్ని స్టేషన్లు దాన్ని వేశాయి, ఆ తర్వాత ఆయన గుట్టు విప్పారు. 2023 మేలో ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ 55వ పుట్టినరోజుకు పది రోజుల ముందు 'పడమ్ పడమ్' అనే డాన్స్ సింగిల్ విడుదల చేసినప్పుడు, యువశ్రోతల కోసం నడిచే బీబీసీ రేడియో 1 దాన్ని మొదట్లో తన జాబితాలో చేర్చుకోకపోవడం మీద పెద్ద చర్చే జరిగింది. ఆ లోపల పిల్లలు తమ ఫోన్లలో దాన్ని వినేశారు, దానికి అడుగులు వేసిన వీడియోలు పెట్టేశారు. పాట బ్రిటన్‌లో మొదటి పదిలో చేరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గ్రామీ ఆ సంవత్సరమే కొత్తగా పెట్టిన ఉత్తమ పాప్ డాన్స్ రికార్డింగ్ బహుమతిని దానికి ఇచ్చింది. ఆమెకు మొదటి గ్రామీ 2004లో వచ్చింది. ఈ కథల్లో శ్రోతలకు గాయకుల వయసుతో పేచీ లేదు. పాట శ్రోత దాకా చేరే దారిలో కూర్చున్నవారికే ఉంది. మన సంఘాల్లో ఆ దారిలో కూర్చున్నది సాంస్కృతిక కార్యక్రమాల కమిటీ.

మన దగ్గర ఉదాహరణలు లేవా అంటే బోలెడన్ని ఉన్నాయి. 1995లో మన తెలుగువాడైన రాంగోపాల్ వర్మ తీసిన హిందీ చిత్రం 'రంగీలా'లో ఎ.ఆర్. రెహమాన్ ఇరవై దాటిన నాయికకు అరవై దాటిన ఆశా భోస్లే చేత పాడించారు. ఆ పాటలకు దేశమంతా అడుగు కలిపింది. 2024 డిసెంబరులో, 91వ ఏట, దుబాయి వేదిక మీద ఆమె కుర్రకారు పాడుకునే ఒక కొత్త పంజాబీ గాయకుడి పాట పాడి, దాని స్టెప్పు కూడా వేసి చూపించారు. చీరకట్టు, పెద్ద బొట్టు, బరువైన గొంతులతోనే పాప్ పాడవచ్చని నిరూపించిన ఉషా ఉతుప్‌ను చిన్నప్పుడు బడిలో సంగీతం తరగతికి ఆ గొంతు పనికిరాదన్నారట. 1969లో మద్రాసు నైట్‌క్లబ్బులో మొదలుపెట్టిన ఆమెకు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి 2012లో, అరవై దాటాక, రష్యన్ జానపద బాణీ మీద కట్టిన ఒక హుషారు పాటకు, మరో గాయనితో కలిపి వచ్చింది. 2024లో పద్మభూషణ్ ప్రకటించారు.

వీరందరికంటే మన తెలుగువారు ఎక్కువగా తలచుకోవలసిన పేరు ఎల్.ఆర్. ఈశ్వరి. 1973లో వచ్చిన 'దేవుడు చేసిన మనుషులు' చిత్రంలో రమేశ్ నాయుడు సంగీతంలో ఆమె పాడిన 'మసక మసక చీకటిలో' పాట తెలియని తెలుగువాడు ఉండడు. ఆ రోజుల్లో తెలుగు, తమిళ సినిమాల్లో క్లబ్ పాట అనగానే ఆమె గొంతే. సినిమా అవకాశాలు తగ్గాక అమ్మవారి పాటలతో తమిళ పల్లెల్లో ఇంటింటికీ చేరారు. అలాంటి గాయనిని 2011లో, డెబ్బై దాటాక, మన తమన్ ఒక తమిళ చిత్రంలో పెద్ద డాన్స్ పాటకు పిలిచారు. అది జాలితో చేసిన పిలుపు కాదు. ఆ పాటకు ఆ గొంతు తప్ప మరో గొంతు కుదరదు. యాభై ఏళ్ళుగా తాళం మీద మాటను విరిచి పలకడంలో ఆమె సంపాదించిన ఒడుపును, తరుగుతూ వచ్చిన తారస్థాయిని కాక, పెరుగుతూ వచ్చిన గరుకుదనాన్ని ఆ బాణీ వాడుకుంది. పాత పాట పాతికేళ్ళనాటి కొలతలతో కుట్టిన రవిక అయితే, ఇది ఇవాళ కొలతలు తీసుకుని కుట్టిన రవిక. ఇంత పని తమిళంలో జరిగింది, చేసింది తెలుగు సంగీత దర్శకుడు. అదే ఈశ్వరిని మన సంఘాలు పిలిచి ఉంటే ఏ పాట అడిగేవో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ 'మసక మసక' పాటకే స్మిత లాంటి గాయనులు రీమిక్స్ చేసి టీవీ ఛానళ్ళలో హోరెత్తించిన రోజులు మనకు గుర్తున్నాయి. దాన్ని నేను తప్పు పట్టను. ఒక తరం పిల్లలకు ఆ బాణీ అలాగే చేరింది. అయితే పాత గాయని చేత తన పాత పాటనే వేగం పెంచి, కింద డ్రమ్ము చప్పుడు చేర్చి పాడించడం పునరాగమనం అనిపించుకోదని మాత్రం గట్టిగా చెబుతాను. వేగం పెరిగితే ఊపిరికి వ్యవధి ఇంకా తగ్గుతుంది, స్థాయి మాత్రం పాతదే ఉంటుంది. రెండు రకాల కష్టాలూ ఒక్క గొంతు మీదే పడతాయి. ఆటోట్యూన్‌ను కూడా మనవాళ్ళు ఎక్కువగా ఈ సందర్భంలోనే వాడతారు. తడబాటును కప్పిపుచ్చడానికి వాడిన యంత్రం గొంతులోని మనిషిని తుడిచేస్తుంది, ఆ పాట ఎవరు పాడారో కూడా పోల్చుకోలేం. షేర్ పాటలో మొదటి పాదానికే అది ఎవరి గొంతో తెలిసిపోతుంది. యంత్రం ఒకటే, వాడిన ఉద్దేశం వేరు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన సంచికల్లో కళను గురించి రాసేటప్పుడు అందరం దాన్ని దాటవేస్తాం. మన పాత తరం నేపథ్య గాయకులు చాలామంది పాటకు ఇంతని ఒక్కసారి పుచ్చుకున్నదే. ఆ తర్వాత ఆ పాట ఎన్ని కోట్లసార్లు మోగినా వారికి దాని మీద హక్కు లేకపోయింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ గాయకులకు కూడా రాయల్టీ హక్కును కల్పించింది, 2013లో గాయకుల హక్కుల కోసం ఇస్రా అనే సంఘం ఏర్పడింది. పాత పాట మీద గాయకుడికి ఉన్న పట్టు ఎంత పలచనిదో 2017 మార్చిలో ఇక్కడి మనవాళ్ళే చూశారు. తన యాభై ఏళ్ళ పాటల పండుగగా అమెరికాలో పర్యటిస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం బృందానికి ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు అందితే, ఆయన ఆ పర్యటనలో ఇళయరాజా స్వరపరచిన పాటలను పక్కన పెట్టవలసి వచ్చింది. అందులో ఎవరిది న్యాయమన్న చర్చ నాకు ఇక్కడ అవసరం లేదు. కొత్త పాట కట్టించి, గాయనికి అందులో వాటా రాసి ఇస్తే, ఇలాంటి చిక్కూ ఉండదు, ఆమెకు ఒక రాబడీ ఏర్పడుతుంది. మనం ఇచ్చే జ్ఞాపిక అల్మారాలో కూర్చుంటుంది, విమానం టిక్కెట్టు తిరిగి వెళ్ళడంతో సరి. పాట మీద వాటా ఆమె పేరున మిగులుతుంది.

డాన్స్ పాట అనగానే ద్వంద్వార్థాల సాహిత్యం గుర్తుకు వచ్చి భయపడేవారి ఆందోళన నాకు తెలుసు. ఆ భయానికి కారణం మన సినిమా, తాళం కాదు. తాళ్ళపాక అన్నమయ్య మా పక్క కడప జిల్లావాడే. గొబ్బి పాటలూ, జాజర పాటలూ, సువ్వి పాటలూ కట్టి అడుగుకు సరిపడే సాహిత్యం ఎంత ఘనంగా ఉండవచ్చో ఆరు వందల ఏళ్ళ క్రితమే చూపించాడు. ఆ లెక్కన ఇవాళ మంచి మాటలతో ఆటపాట రాయించలేమన్నది బద్ధకమే అవుతుంది. మరొక మాట కూడా ఒప్పుకోవాలి. తిరిగి రావడం ఏ గాయనికీ విధి కాదు. ఎస్. జానకి 2016లో ఒక మలయాళ చిత్రానికి జోలపాట పాడి ఇక చాలని ప్రకటించినప్పుడు, ఇంకా పాడండి అని ఒత్తిడి చేసినవారికంటే ఆ మాటను గౌరవించినవారే ఆమె సంగీతాన్ని సరిగా విన్నవారని నా ఉద్దేశం. పైగా తిరిగి వచ్చిన ప్రతి పాటా బాగుండదు. కుర్రవాళ్ళ భాషను అరువు తెచ్చుకుని, వారి బట్టలే వేసుకుని, వారిలాగే పలకాలని ప్రయత్నించిన పాటలు విన్నప్పుడు నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. అలాంటి పాటల్లో తప్పు గాయని వయసుది కాదు, ఆమె వయసును దాచాలని చూసిన బాణీది.

కాబట్టి మన సంఘం కార్యవర్గానికి నేను చేసే ప్రతిపాదన ఇది. ప్రతి ఏటా ఒక సీనియర్ గాయనిని పిలిచి సన్మానించడానికి కేటాయించే మొత్తంలో సగాన్ని ఒక కొత్త పాట కట్టించడానికి వాడాలి. సాహిత్యం అనంతపురం, కడప, కర్నూలు యాసల్లో రాసే కవులలో ఒకరి చేత రాయించవచ్చు. మన కార్యక్రమాల్లో రాయలసీమ యాస హాస్య నాటికల్లో ఫ్యాక్షనిస్టు పాత్రకు తప్ప వినిపించకపోవడం నాకు చాలాకాలంగా ఉన్న బాధ, ఆ బాధ కూడా దీనితో కొంత తీరుతుంది. తాళానికి చెక్కభజన అడుగు ఉంది, దాన్ని ఎలక్ట్రానిక్ వాద్యాల మీద పరచగల కుర్రవాళ్ళు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ మాత్రమే కాదు, ఇక్కడ మన ఇళ్ళలోనే ఉన్నారు. వారాంతాల్లో గదిలో తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ మీద వారు చేస్తున్నది అదే. తల్లిదండ్రులకు ఆ శబ్దం తలనొప్పిగా ఉండవచ్చు గానీ, పని వారికి తెలుసు. సినిమా పాటకు అర్థం తెలియకుండా నడుము తిప్పే మన పిల్లలకు, ఆ పాట పాడిన మనిషి పక్కన నిలబడి పాడుతుండగా ఆమె తాళానికి అడుగు వేసే అవకాశం దొరికితే, అది ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా రాని అనుభవం.

ఆ పాటను కార్యక్రమం చివర, సగం కుర్చీలు ఖాళీ అయి అందరూ కారు తాళాలు వెతుక్కునే సమయంలో పెట్టకూడదు. భోజన విరామానికి ముందు, సభ నిండుగా ఉన్నప్పుడు పెట్టాలి. ట్రాక్ మీద పెదవులు కదపడం కాకుండా కీబోర్డు, ప్యాడ్ వాయించేవారిని పిలిపించి ప్రత్యక్షంగా పాడించాలి. ఆ వాయించేవారికి ముందురోజు సాధనకు హాలు ఇవ్వాలి, సాధనకు గంటల లెక్కన పారితోషికం ఇవ్వాలి. పాటను యూట్యూబులో పెట్టే ముందు గాయని, రచయిత, స్వరకర్త ముగ్గురి వాటాలూ కాగితం మీద ఉండాలి. ఇక ఆమెను ఆహ్వానించడానికి ఫోన్ చేసేవారు, ఏయే హిట్లు పాడతారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టకుండా, ఇప్పుడు ఏ శ్రుతిలో పాడుతున్నారమ్మా అని అడగాలి. ఆ సమాధానం చేతికి వస్తే తప్ప స్వరకర్త పని మొదలుపెట్టలేడు, అతనికి కనీసం మూడు నెలలైనా పడుతుంది. వచ్చే ఉగాదికి ఆ పాట వినాలంటే ఆ ఫోన్ డిసెంబరు దాటకముందే చేయాలి.